మూడో పేరు

కెనడాలో మా రెజైనా నగరం రేడియోలో ఏటా జూన్ నెలలో ఒక శనివారం నెస్టర్ హ్లాడీని తిట్టే కార్యక్రమం వచ్చేది. రేడియో వాళ్లు పెట్టిన పేరు అది కాదులెండి. ‘హారియర్స్ ఎంపికల సింహావలోకనం’ అనేవారు. మా డన్‌బ్రే ఊళ్లో మాత్రం దాన్ని నెస్టర్ తద్దినం అనేవాళ్లం, అతను లేనప్పుడు.

హారియర్స్ అంటే రెజైనా ఐస్ హాకీ జట్టు. ఏటా వేసవి మొదట్లో జట్లన్నీ ఒక హాల్లో కూర్చుని, పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాళ్లను వంతులవారీగా పేరు పిలిచి తీసుకుంటాయి. అంతకుముందు ఏడు అధ్వానంగా ఆడిన జట్టుకు ముందుగా పిలిచే వంతు వస్తుంది. 1993లో హారియర్స్‌కి మూడో పిలుపు దక్కింది. వాళ్లు నెస్టర్‌ని పిలిచారు. నాలుగో పిలుపులో తూర్పు తీరం జట్టొకటి లూకా మార్కెట్టి అనే కుర్రాణ్ణి తీసుకుంది. ఆ మార్కెట్టి నలభై దాటేదాకా ఆడాడు, మూడుసార్లు కప్పు ఎత్తాడు. నెస్టర్ ఆడింది పంతొమ్మిది ఆటలు. రెండు గోల్స్ కొట్టి, కుడి భుజం పాడుచేసుకుని, చిన్న జట్లలో కొన్నాళ్లు తిరిగి, మీసాలు గట్టిపడకముందే ఇంటికొచ్చేశాడు.

అప్పటినుంచీ నాతోపాటు మునిసిపాలిటీ రోడ్ల పనిలో ఉన్నాడు. వేసవిలో గ్రేడర్ మీద కంకర రోడ్లు చదును చేస్తాం, చలికాలంలో అదే బండితో మంచు తోస్తాం. కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు కాబట్టి క్యాబ్ ఎక్కేటప్పుడు ఎడమచేత్తోనే పట్టుకుని ఎక్కుతాడు. మంచివాడని చెప్పలేను. ముక్కు మీద కోపం, ఎవరికీ తలవంచడు, ఎవరన్నా జాలి చూపిస్తే ఇక ఆ మనిషి మొహం చూడడు.

అతన్ని ఎంపిక చేసినవాడు హార్లన్ సోల్బర్గ్. హారియర్స్‌కి చాలాకాలం స్కౌట్‌గా ఉండి, ఊరూరా తిరిగి కుర్రాళ్లను వెతికేవాడు. రిటైరయ్యాక రేడియోలో పెద్దమనిషిగా కూర్చున్నాడు. గొంతు బాగుంటుంది, జోకులు బాగా వేస్తాడు. జట్టు చరిత్రలో తన తప్పుల్ని తానే చెప్పి నవ్విస్తాడని జనం ముచ్చటపడేవారు. అన్ని తప్పుల్లోకీ ఆయనకి బాగా ఇష్టమైన తప్పు నెస్టర్.

ఈ గొడవంతా జరిగిన ఏడు కూడా మామూలుగానే మొదలైంది. పెట్రోలు బంకు పక్కన డోరిస్ కాఫీ కొట్లో కూర్చున్నాం. రేడియోలో హార్లన్ అంటున్నాడు:

“హ్లాడీ సంగతా? వాణ్ణి పిలిచిన ఏడే నేనో పికప్ కొన్నాను. అదింకా నడుస్తోంది. వీడు రెండో చలికాలానికే మూలపడ్డాడు. బండిలో ఇంజనుంది మరి. వీడి ఛాతీలో ఏముందో నేను సరిగ్గా చూసుకోలేదు.”

స్టూడియోలో నవ్వులు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని నెస్టర్ వచ్చాడు. డోరిస్ చెయ్యి రేడియో మీదకి పోయింది.

“ఉంచు డోరిస్,” అన్నాడు నెస్టర్. “ముసలాడు కొత్తదేమన్నా కనిపెట్టాడేమో విందాం.”

“ఏముంది, ఆ పాత పికప్పే,” అంది డోరిస్.

“తుప్పు పట్టి చావదు కదా అది కూడా.”

ఎవరూ నవ్వలేదు. అందుకే అతనికి ఒళ్లు మండింది. నవ్వి ఉంటే ఎవరో ఒకరిని తిట్టుకునేవాడు. “ఏంట్రా, శవం పక్కన కూర్చున్నట్టు మొహాలూ మీరూనూ?” అని కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక రేడియోలో ప్రకటన వచ్చింది. జట్టు వార్షికోత్సవం సందర్భంగా ఊళ్లు తిరుగుతున్నారట. రెండు వారాల్లో మా డన్‌బ్రే హాకీ మైదానం, అంటే రింక్ నుంచి ప్రత్యక్ష ప్రసారం. ‘93ని మళ్లీ పిలుద్దాం’ అని పేరు. హారియర్స్ అప్పుడు ఎవర్ని పిలిచి ఉండాల్సిందో జనమే తేలుస్తారు. హార్లన్ సోల్బర్గ్ స్వయంగా వస్తున్నాడు.

ఆ సాయంత్రం నేను నెస్టర్ ఇంటికి వెళ్లాను. అతని భార్య పాలెట్ వంటింట్లో పెరోగీలకి, అదే బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటివాటికి, అంచులు నొక్కుతోంది. స్కూలు బస్సు నడిపే మనిషి. గొంతు విప్పితే బస్సు చివరి సీటుదాకా వినిపిస్తుంది.

“నువ్వక్కడికి వెళ్లావంటే నీ రెండో భుజం నేను తీసేస్తా,” అంటోంది మొగుడితో.

“వెళ్లకపోతే పారిపోయాడంటాడు.”

“అననీ.”

“ఇన్నేళ్లుగా ఎన్నో అన్నాడు. ఆ మాట మాత్రం అనలేదు. అది కూడా నా చేతులతో నేనే అందించాలా?”

“వెర్న్, నువ్వు చెప్పు వీడికి,” అంది నాతో.

నేనేం చెబుతాను? నోరు మూసుకుని, అప్పటికే ఉడికిన పెరోగీలు తిన్నాను.

“ఆ రింక్‌లో ఇంకొకడున్నాడు కదా,” అంది పాలెట్, పిండి చేతులు దులుపుకుంటూ. “తండ్రీ కొడుకుల్ని ఇద్దర్నీ ఒకేసారి చూసి తట్టుకోగలవా?”

నెస్టర్ లేచి టోపీ పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఆ ఇంకొకడు ఆర్విడ్ సోల్బర్గ్. హార్లన్ కొడుకు, మా రింక్ మేనేజరు. వాళ్లమ్మది మా ఊరే. హార్లన్‌తో విడిపోయాక పిల్లాణ్ణి తీసుకుని ఇక్కడికి వచ్చేసింది. నెస్టర్, ఆర్విడ్ ఒక ఈడువాళ్లు. కుర్రాళ్ల జట్టులో పక్కపక్కనే ఆడారు, ఒకడు పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) అందిస్తే ఒకడు గోల్ కొట్టేవాడు. 1993లో ఆర్విడ్ కూడా కొత్త సూటు వేసుకుని ఆ హాల్లో కూర్చున్నాడు. వాళ్ల నాన్న హారియర్స్ బల్ల దగ్గరే ఉన్నాడు. మొదటి రౌండులో నెస్టర్ పేరు పిలిచారు. పొద్దు వాలేసరికి ఆఖరి రౌండు కూడా అయిపోయింది. ఆర్విడ్ పేరు ఏ జట్టూ పిలవలేదు, తండ్రి జట్టుతో సహా.

అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఆర్విడ్‌కి అసూయ అనుకున్నాం ఊళ్లో వాళ్లందరం. ఒక చలికాలం నెస్టర్ రింక్ ముందున్న మంచు మొత్తం ఆర్విడ్ ఆఫీసు తలుపుకి అడ్డంగా తోసి వెళ్లిపోయాడు. ఆ వారమే నెస్టర్ వాళ్ల పెద్దోళ్ల ఆట మధ్యలో రింక్ దీపాలు ఆరిపోయాయి. ఫ్యూజు పోయిందన్నాడు ఆర్విడ్. అదే కరెంటు మీద నడిచే ఐస్ మెషిన్ మాత్రం బాగానే నడుస్తోంది.

ఆ శనివారం మధ్యాహ్నానికి రింక్ నిండిపోయింది. వేసవి కాబట్టి ఐస్ లేదు. కింద ఉత్త సిమెంటు నేల, దాని మీద మడత కుర్చీలు. ఐస్ లేకపోయినా అమ్మోనియా, పాత చెమట కలిసిన వాసన ఆ గోడల్ని వదలదు. ఒక చివర చిన్న వేదిక కట్టారు. డెల్మార్ ప్రిట్చర్డ్ అనే రేడియో అతను మైకు సర్దుకుంటున్నాడు. అతని పక్కన హార్లన్, ఎర్రగా, బలంగా, ఎనభైకి దగ్గర పడ్డా తల పండిందే తప్ప నడుం వంగలేదు. ఆర్విడ్ బోర్డుల దగ్గర, అంటే రింక్ చుట్టూ ఉండే పొట్టి చెక్క గోడ దగ్గర, నిలబడి వైర్లు చూసుకుంటున్నాడు. తండ్రి వైపు తలెత్తలేదు. తండ్రి కూడా అతన్ని పలకరించినట్టు నేను చూడలేదు.

నెస్టర్, పాలెట్ మూడో వరసలో కూర్చున్నారు. అతన్ని చూడగానే డెల్మార్ మొహం వెలిగింది.

“అదిగో, ఆయనే వచ్చారు! హ్లాడీగారూ, వేదిక మీదకి వస్తారా?”

“ఇక్కడ బాగానే వినిపిస్తోంది,” అన్నాడు నెస్టర్.

“రాడులే,” అన్నాడు హార్లన్ మైకులో. “వాడికి తోపులాట జరిగే మూలల్లోకి వెళ్లడం మొదట్నుంచీ భయమే.”

జనం నవ్వారు. వాళ్లందరూ మా ఊరివాళ్లే అనుకోకండి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి చాలామంది వచ్చారు. కాస్త మెల్లగానైనా మావాళ్లు కూడా నవ్వారు.

తర్వాత ఓట్లు. చేతులెత్తమన్నారు. మార్కెట్టికి చేతులు అడవిలా లేచాయి. ఇంకో ఇద్దరి పేర్లకి కొన్ని. “మరి నెస్టర్ హ్లాడీని మళ్లీ పిలవాలనేవాళ్లు?” అన్నాడు డెల్మార్. పాలెట్ చెయ్యెత్తింది. నేనెత్తాను. డోరిస్ ఎత్తింది. ఇంకెవరూ ఎత్తలేదు. నెస్టర్ మా వైపు చూసిన చూపు చూస్తే, ఎత్తకపోయినా బాగుండేదనిపించింది.

చెయ్యి దించకుండానే పాలెట్ లేచి నిలబడింది.

“నాదో ప్రశ్న. మీరు పిలిచేనాటికే ఇతని భుజం దెబ్బతిని ఉందని మీకు తెలుసా, తెలీదా?”

నెస్టర్ ఆమె చొక్కా పట్టుకుని కూర్చోమని లాగాడు. ఆమె కూర్చోలేదు.

“ఏ భుజం తల్లీ?” అన్నాడు హార్లన్ తాపీగా. “వీడు జట్టుకి వచ్చేనాటికి భుజం గుండ్రాయిలా ఉంది. డాక్టర్లు చూసే తీసుకున్నారు. భుజం పోయిందనేది ఇంటికొచ్చాక ఊరికి చెప్పుకోడానికి పనికొచ్చే కథ. గుండె ఉన్నవాడు ఒంటిచేత్తో అయినా ఆడతాడు. నేను మనుషుల్ని చూసి పిలిచేవాణ్ణి, మొహమాటాలు చూసి కాదు. అంతదాకా ఎందుకు? నా కొడుకే ఆ ఏడు ఆ హాల్లో కూర్చున్నాడు. ఆఖరి రౌండులో కూడా పిలవలేదు నేను. ఆ రోజు మొత్తంలో నేను చేసిన సరైన పని అదొక్కటే!”

రింకంతా గొల్లున నవ్వింది. డెల్మార్ బల్ల మీద చరిచాడు. నేను ఆర్విడ్ వైపు చూశాను. అతను చేతిలోని వైరు కింద పెట్టాడు. జేబులో ఎలాగూ ఒక మైకుంది, సౌండు చూసుకోవడానికి పెట్టుకున్నది. దాన్ని తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“నీకు తెలుసు నాన్నా,” అన్నాడు.

నవ్వులు కొంచెం తగ్గాయి.

“ఆ మార్చిలో, మూస్ జా ఊళ్లో. ఆట మధ్యలో వీడి భుజం కీలు తప్పింది. మన ట్రైనరు లోపలికి తీసుకెళ్లి సరిచేశాడు. నువ్వు దుస్తులు మార్చుకునే గదిలోకి వచ్చావు. నేను పక్కనే స్కేట్లు విప్పుకుంటున్నాను. ‘నీ భుజానికి ఏమీ కాలేదు, అర్థమైందా? నిద్రలో పట్టేసింది, అంతే. జూన్ దాకా నోరు మూసుకుంటే మొదటి అయిదుగురిలో పిలిపిస్తా’ అన్నావు వీడితో. నా వైపు తిరిగి, ‘నువ్వేం వినలేదు’ అన్నావు. ట్రైనరుతో నువ్వే మాట్లాడుకున్నావు. నీ జట్టుకి నువ్వే చెప్పలేదు.”

ఎక్కడో కుర్చీ ఒకటి కిర్రుమంది. డెల్మార్ తన మైకు ఆపాలో వద్దో తెలియక దాన్నే చూస్తున్నాడు.

నెస్టర్ లేచాడు. వరసలోంచి బయటికి వచ్చి వేదిక వైపు నడిచాడు. ముసలాయన మీద చెయ్యి చేసుకుంటాడనుకుని ఇద్దరు ముగ్గురు అడ్డం లేచారు. అతను హార్లన్ వైపు చూడను కూడా చూడలేదు. వేదిక దాటి నేరుగా ఆర్విడ్ దగ్గరికి వెళ్లి, ఎడమచేత్తో కాలరు పట్టుకుని బోర్డులకేసి కొట్టాడు. ఫైబరు అద్దాలు దడదడలాడాయి.

“ఇన్నేళ్లా?” అన్నాడు. ఆర్విడ్ జేబు మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది, మాట రింకంతా వినిపించింది. “మీ నాన్న నా మీద ముప్పయ్యేళ్లు నవ్వాడు. ఏడాదికోసారి, రేడియోలో. నువ్వు విన్నావు. నీ నోట్లోంచి ఒక్క మాట ఊడిపడలేదు. ఇవాళ నీ మీద ఒక్కసారి నవ్వితే ఒక్క నిమిషం ఓర్చుకోలేకపోయావా?”

ఆర్విడ్ విడిపించుకోవడానికి చూడలేదు.

“చూశారా,” అన్నాడు హార్లన్ వేదిక మీంచి, “ఇప్పుడొచ్చింది వీడికి బోర్డుల దగ్గర కొట్లాట. తొంభై మూడులో ఏమైందో!”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన అలవాటుగా కాసేపు ఆగాడు, నవ్వు వస్తుందని. రాలేదు. మొహం గట్టిపడింది. కొడుకు వైపు తిరిగాడు.

“అందుకేరా నిన్ను పిలవనిది. పక్ దాటిపోయాక కదిలేవాడివి. ఇప్పటికీ అంతే.”

పాలెట్ వేదిక ఎక్కింది. హార్లన్ ముందున్న మైకు మెడ వంచి కిందకి తిప్పేసింది.

“ఇక లేవండి. మా పిల్లలు ఆడుకునే చోటు ఇది. మీ వ్యాను బయట ఉంది.”

“నన్ను లేపడానికి నువ్వెవరివమ్మా?”

“మీరు మూడో పిలుపులో పిలిచినవాణ్ణి కట్టుకున్నదాన్ని. లేవండి.”

ఆయన లేచాడు. మెట్ల దగ్గర తడబడితే డెల్మార్ చెయ్యిచ్చాడు. కొడుకు బోర్డుల దగ్గరే ఉండిపోయాడు. నెస్టర్ అతని కాలరు వదిలేసి, అటూ ఇటూ ఎవరివైపూ చూడకుండా పక్క తలుపు తీసుకుని ఎండలోకి వెళ్లిపోయాడు.

దీంతో నెస్టర్‌కి న్యాయం జరిగిందని చెప్పాలని నాకూ ఉంది. ప్రసారం మధ్యలో ఆపేసి పాటలు వేశారు రేడియో వాళ్లు. కానీ ఎవరో ఫోన్లో తీసినది రెండ్రోజుల్లో దేశమంతా తిరిగింది. హార్లన్ ఆరోగ్యం బాగాలేదని చెప్పి కార్యక్రమం నుంచి తప్పుకున్నాడు. ఆయన గురించి మాట్లాడటం జనం త్వరగానే మానేశారు. ముసలాడు, పోనీలే అన్నారు. నెస్టర్‌ని మాత్రం వదల్లేదు. దెబ్బ దాచిపెట్టి జట్టు డాక్టర్ల ముందు పళ్లు బిగించి చెయ్యెత్తి చూపించింది ఇతనే కదా అన్నారు. ఇతని అబద్ధం వల్ల మార్కెట్టి మనకి దక్కలేదన్నారు. ఎవరో ఇంటికి ఫోన్ చేసి అదే మాట పాలెట్‌తో అన్నారు. ఆమె ఏమని బదులిచ్చిందో ఇక్కడ రాయలేను.

“బాగుంది,” అన్నాడు నెస్టర్ ఒకరోజు రోడ్డు పక్కన బండ్లు ఆపుకుని భోజనం చేస్తుంటే. “ఇన్నాళ్లూ చేతగానివాణ్ణి. ఇప్పుడు మోసగాణ్ణి. చేతగానితనమే నయం, దానికి నా పూచీ లేదు.”

“ఎందుకు చెప్పలేదు నువ్వే, మొదట్లోనే?” అన్నాను.

“చెబితే ఏమనేవాళ్లో ఇప్పుడు విన్నావు కదా,” అని శాండ్‌విచ్ సగంలోనే కాగితంలో చుట్టేశాడు.

సెప్టెంబరులో, పొలాల్లో కోత యంత్రాలు దుమ్ము లేపుతున్న రోజుల్లో, ఆర్విడ్ మా మునిసిపల్ యార్డుకి వచ్చాడు. నేను గ్రేడర్ బ్లేడు మారుస్తున్నాను, నెస్టర్ బోల్టులు అందిస్తున్నాడు. ఆర్విడ్ గేటు లోపల పది అడుగుల దూరంలో ఆగాడు. నేను లేవబోయాను.

“కూర్చో వెర్న్,” అన్నాడు నెస్టర్. “వీడితో ఒంటరిగా మాట్లాడేదేం లేదు నాకు. ఏంటి, ఫ్యూజు పోయిందా?”

“క్షమించమని అడగడానికి రాలేదు,” అన్నాడు ఆర్విడ్.

“మంచిది. అడిగినా క్షమించేవాణ్ణి కాదు.”

“నువ్వడిగినదానికి జవాబు చెప్దామని వచ్చాను. ఎందుకు నోరు మూసుకున్నానని అడిగావు కదా. మొదట, నోరు మూసుకుంటే నా పేరు కూడా పిలుస్తాడనుకున్నాను. ఆఖరి రౌండు దాకా అదే అనుకున్నాను. తర్వాత...” గొంతు సవరించుకున్నాడు. “తర్వాత ఆయన నిన్ను రేడియోలో తిట్టినప్పుడల్లా నాకు బాగుండేది. నిజం చెప్తున్నా. జూన్ కోసం ఎదురుచూసేవాణ్ణి. నన్ను కాదని పిలిచినవాణ్ణి ఆయనే తిడుతున్నాడని.”

నెస్టర్ చేతిలోని బోల్టుని బ్లేడు మీద పెట్టాడు. చాలా నెమ్మదిగా పెట్టాడు. నేను భయపడ్డాను.

“ఆ పేరుతో నాకేం ఒరిగిందిరా?” అన్నాడు. “మొదటి శిక్షణ శిబిరంలోనే భుజం మళ్లీ ఊడింది. సూదులు పొడిచి ఆడించారు. రాత్రిళ్లు చొక్కా విప్పలేక ఏడ్చేవాణ్ణి. పంతొమ్మిది ఆటలు. ఆ రోజే తెలిసుంటే ఆ పిలుపు తీసుకెళ్లి నీ ఒళ్లో పడేసేవాణ్ణి.”

“పడేసుంటే తీసుకునేవాణ్ణి,” అన్నాడు ఆర్విడ్.

“ఏంటి?”

“భుజంతో సహా. తిట్లతో సహా. ఇప్పుడిచ్చినా తీసుకుంటాను. పంతొమ్మిది ఆటలన్నావు చూడు, పంతొమ్మిదే అన్నట్టు.” అతను ఒక అడుగు ముందుకి వేశాడు. “ఒక్కసారి కూడా పిలుపు రానివాడి ముందు ఆ లెక్క చెప్పకు.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపుల్లో స్నేహం లాంటిదేమన్నా ఉందేమో అని వెతికాను. లేదు. ఒకడికి దక్కినది ఇంకొకడికి కావాలి, దక్కినవాడికి అది అక్కర్లేకుండా పోయింది. ఇన్నేళ్లుగా ఎందుకు పడలేదో ఇప్పుడు ఇద్దరికీ తెలిసింది, అంతే.

“వెళ్లిక్కడ్నుంచి,” అన్నాడు నెస్టర్.

“వెళ్తున్నా.”

ఆర్విడ్ గేటు దాటి తన కారు వైపు నడిచాడు. నెస్టర్ బోల్టు తీసుకుని ఎడమచేత్తో బిగించడం మొదలుపెట్టాడు. బిగిసినా ఆపకుండా తిప్పుతూనే ఉన్నాడు. చాల్లే, మర పోతుందని నేను రెంచి పట్టుకుంటే నా చెయ్యి విదిలించికొట్టాడు.